చాకిరీకి పెద్దది, సంతకానికి చిన్నది

కావలెను: సన్మానానికి ఒక పిల్ల. వయసు 17 మించరాదు. తండ్రి మంచం పట్టి ఉండాలి, లేదా తల్లి డయాలసిస్‌లో ఉండాలి. ఇద్దరూ అయితే ప్రాధాన్యం. కన్నీళ్లు కంటి అంచుదాకా వచ్చి ఆగాలి, కెమెరాకి అదే అందం. సాయం అడిగే అలవాటున్నవారు దరఖాస్తు చేయనక్కర్లేదు.

ఇలా ప్రకటన వేయించకపోయినా మనందరం వెతుకుతున్నది ఈ పిల్లనే. దొరకగానే 'చిట్టి చేతులు.. గట్టి గుండె' అని శీర్షిక పెడతాం. శాలువా కప్పుతాం. ఎమ్మెల్యేగారు చెక్కుకు ఒక కొస పట్టుకుని నవ్వుతారు. దాంతో మన బాధ తీరిపోతుంది. ఆ పిల్లది తెల్లారి మళ్లీ మొదలవుతుంది.

ఉద్దానంలో ఇలాంటి పిల్లలకు కొదవలేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా తిష్ఠ వేసింది. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఇదమిత్థంగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, సంతోషం. డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను ఇస్తున్నారు, అదీ సంతోషమే. కానీ డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు. మిషను ఉచితం కావచ్చు. ఆటోవాడు ఉచిత వైద్యం కార్డు చూసి కిరాయి వదులుకోడు. పక్కన కూర్చునే మనిషిని ఏ పథకమూ పంపదు. ఆ మనిషి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ ఉంటుంది.

"పేషెంటు తాలూకు ఎవులు?" అని కేక వినిపిస్తుంది. పిల్ల లేచి నిలబడుతుంది. ఎగాదిగా చూసి, "పెద్దోలెవులూ రానేదేటమ్మా?" అంటారు. సంతకం చెల్లాలంటే 18 నిండాలి మరి. రాత్రంతా మేలుకుని, వాంతులు ఎత్తిపోసి, పొద్దున్నే జీడిపిక్కలు కొట్టే కూలికి పోయి, జీడిసొనకు పొక్కిన వేళ్లతో నోట్సు రాసుకోవడానికి మాత్రం వయసు అడ్డం రాదు.

చట్టాలు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు 14 ఏళ్లకే చేతులు దులుపుకుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 దాటినవాళ్లకు ప్రమాదకరమైన పనులే కూడదంది. ఆలోపు పిల్లలు కూడా బడి అయ్యాక ఇంటివాళ్లకు సాయపడవచ్చంది. కన్నతల్లిని ఎత్తి మంచం మీద పడుకోబెట్టడం ఏ జాబితాలోనూ లేదు, కాబట్టి అది పని కాదు. కాలేజీలో మాత్రం లెక్క పక్కా: హాజరు 75 శాతానికి తగ్గితే కండోనేషన్ ఫీజు కట్టాల్సిందే. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లినందుకు పరీక్షల ముందు జరిమానా, అందుకే ఆగస్టు 15న ప్రశంసాపత్రం!

ఇంట్లో రోగిని చూసుకునే పిల్లలకు ఏ సాయం కావాలో స్థానిక కౌన్సిలే ఆరా తీయాలని ఇంగ్లండులో 2014లో చట్టం చేసుకున్నారు. పాపం, వాళ్లకు శ్రవణకుమారుడు లేడు. మనకున్నాడు. కావడి మోశాడని తరతరాలుగా పొగుడుతున్నాం. రెండో భుజం పట్టినవాడు కథలో ఎక్కడా కనబడడు. రాజుగారి నుంచి అతనికి అందింది బాణమొక్కటే.

నిజంగా ఏదైనా చేయాలనుంటే దారులున్నాయి. డయాలసిస్ రోజులను హాజరులో కలపండి, కండోనేషన్ ఫీజు ఎత్తేయండి. రోగి వెంట వెళ్లడానికి ఊళ్లోనే ఒక మనిషికి కూలి కట్టి పంపండి. రానూపోనూ బండి పెట్టండి. ఇవేవీ మీవల్ల కాకపోతే, దయచేసి ఆ పిల్లను పొగడటం మానండి. మీ ఉపన్యాసాలు వింటూ వేదిక మీద నిలబడాలంటే ఆ పూట పని మానుకోవాలి. ఆ పూట కూలి మీలో ఒక్కరూ ఇవ్వరు.