కన్ను చూసి కోత

కత్తెర తన కథ చెప్పుకుంటే అందులో కత్తెర తక్కువ, కొమ్మలు ఎక్కువ. ఈ కత్తెరదీ అంతే. లూధియానాలో ఒక కార్ఖానాలో పుట్టింది. రైల్లో రాజమహేంద్రవరం వచ్చింది. కడియపులంక నర్సరీల్లో అంటుకట్టే ఒక పెద్దాయన సంచిలో కొన్నేళ్ళు గడిపింది. ఆయన కొడుకు హైదరాబాదులో స్థిరపడితే ఆయనతో పాటే ఇక్కడికి చేరి, ఇప్పుడు నాలుగైదు ఇళ్ళ తోటల్లో పనిచేస్తోంది. ఇంతకాలం కోసి కోసి అది తెలుసుకున్నది ఒకటుంది. గులాబీలన్నీ ఒకటే అనుకుని కోయకూడదు. ఏ మొక్కది ఏ వంశమో, ఏ కొమ్మ మీద పూస్తుందో తెలుసుకుని కోయాలి. ఒకదానికి ప్రాణం పోసే కోత ఇంకోదానికి ఏడాది పూలన్నీ పోగొడుతుంది.

ఈ తరహా కత్తెరను 1815 ప్రాంతంలో తయారుచేసిన ఘనత ఫ్రాన్సులో బెర్ట్రాన్ ద మోల్‌విల్ అనే ప్రభువుకు దక్కింది. పదహారో లూయీ కొలువులో నౌకాదళ మంత్రిగా చేసినవాడు, విప్లవం రోజుల్లో ఇంగ్లండుకు పారిపోయి బతికి బయటపడ్డవాడు. అంతకుముందు తోటమాలులు వంపు కత్తితో కోసేవారు. ఆ పనికి ఎంతో నేర్పు కావాలి, చెయ్యి తెగడమూ మామూలే. కత్తెరలో ఒక రెక్క పదునైనది. రెండోది వంగి ఉండి కొమ్మను పట్టి ఆపుతుంది. పదును రెక్క దాని పక్క నుంచి జారుతూ కొమ్మను తెంచుతుంది. వంపు రెక్క ఆనిన చోట బెరడు కాస్త నలుగుతుంది. అందుకే పదును రెక్క మొక్కకు మిగిలే కొమ్మ వైపు, వంపు రెక్క పారేసే ముక్క వైపు ఉండేలా పట్టుకోవాలి. తిరగేసి పట్టుకుంటే నలిగిన భాగం మొక్కకే మిగులుతుంది, తెగులు అక్కడే మొదలవుతుంది. కొత్తగా కత్తెర కొన్నవాళ్ళలో చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కడియపులంకలో దీనికి పని తక్కువ. అక్కడ పెద్దరికం అంటు కత్తిది. పెన్సిలు లావున్న అడవి గులాబీ కాండం మీద ఆ కత్తితో ఇంగ్లీషు టి అక్షరం ఆకారంలో గాటు పెడతారు. బెరడును రెండు వైపులా మెల్లగా విప్పుతారు. కావలసిన రకం కొమ్మ నుంచి చిగురు లేచే ఒక కన్నును బెరడుతో సహా డాలు ఆకారంలో లేపి, ఆ గాటులోకి జారుస్తారు. కన్ను మాత్రం బయటికి కనిపించేలా పాలిథిన్ పట్టీ చుడతారు. కన్ను మూడు నాలుగు వారాలు పచ్చగా ఉందంటే అతుక్కున్నట్టే. నల్లబడితే మళ్ళీ మొదటికి. అంటు పట్టి చిగురు సాగాక పైనున్న అడవి కొమ్మను తెంచేయడమే అక్కడ ఈ కత్తెర పని. పెద్దాయన ఎండలో చతికిలబడి, సాలు వెంట జరుగుతూ, తల ఎత్తకుండా కట్టుకుంటూ పోయేవాడు. మనం నర్సరీలో కొనే గులాబీ మొక్కల్లో ఎక్కువ భాగం ఇలా రెండు మొక్కలు కలిసినవే. కింద వేరు ఒకరిది, పైన పువ్వు ఇంకొకరిది.

ఈ కలయిక సంగతి తెలియకనే ఇళ్ళలో గులాబీలు చేజారిపోతాయి. హైదరాబాదులో ఒక ఇంట్లో ఆ ఇంటావిడ సంబరంగా పిలిచి చూపించింది.

"తాతగారూ, ఈ కొమ్మ చూడండి, ఎంత ఏపుగా లేచిందో! మొక్క నిలదొక్కుకున్నట్టేగా?"

పెద్దాయన వంగి, ఆకు కాడ మొదలు పట్టుకుని చూశాడు. "కాదమ్మా. ఇది మీ ఎర్ర గులాబీ కాదండి. కిందున్న అడవి మొక్క లేచిందండి. దీన్ని ఇలాగే ఒదిలేస్తే రెండేళ్ళకి మీ పువ్వు ఉండదండి."

ఆయన చూసింది చిట్టాకుల సంఖ్య మాత్రమే కాదు. మన దేశంలో వేరుమొక్కగా బాగా వాడే రోజా మల్టీఫ్లోరాకు ఒక గుర్తుంది. ఆకు కాడ కాండాన్ని అంటుకునే చోట రెండు వైపులా చిన్న రెక్కలుంటాయి. మల్టీఫ్లోరాలో వాటి అంచులు సన్నని పోగులుగా చీలి ఉంటాయి. తోట గులాబీల్లో మామూలుగా అలా ఉండవు. చిట్టాకులు ఏడున్నాయా ఐదున్నాయా అని లెక్కపెట్టి తేల్చేవాళ్ళు పొరపడవచ్చు, కొన్ని మంచి రకాలకూ ఏడు చిట్టాకులు వస్తాయి. చీలిన అంచు కనిపిస్తే ఇంక సందేహం అక్కర్లేదు.

అప్పుడు పెద్దాయన కత్తెర తీయలేదు. మట్టి తవ్వి, పిలక వేరు దగ్గర ఎక్కడ పుట్టిందో చూసి, చేత్తో గట్టిగా లాగి పీకేశాడు. కత్తెరతో కోస్తే అడుగున కన్నులు మిగిలిపోయి ఒకటి పోయిన చోట మూడు లేస్తాయి. కత్తెరకు పని లేని చోటు కూడా ఒకటి ఉంటుందని అది ఒప్పుకుంటుంది.

ఇక పైనున్న పువ్వు సంగతి. తోటల్లో ఎక్కువగా కనిపించే హైబ్రిడ్ టీ గులాబీల కథ 1867తో మొదలైందని చెబుతారు. లియోన్ నగరంలో గియో అనే నర్సరీ యజమాని విడుదల చేసిన 'లా ఫ్రాన్స్'ను ఈ తరగతిలో మొదటిదిగా లెక్కిస్తారు. యూరప్ గులాబీల దృఢత్వానికి చైనా నుంచి వచ్చిన టీ గులాబీల అలవాటు కలిసింది. ఏడాదికి ఒకసారి కాకుండా చిగురు వేసినప్పుడల్లా పూయడం ఆ అలవాటు. అంటే హైబ్రిడ్ టీ కొత్త కొమ్మ మీద పూస్తుంది. పాతదాన్ని కోస్తే పోయేదేమీ లేదు, కొత్త కొమ్మతో పాటు పువ్వూ వస్తుంది. ఈ మొక్కను ధైర్యంగా కోయమని తోటమాలులు చెప్పేది అందుకే.

అయినా ఆ తరగతిలోనే 'పీస్' ఉంది. ఫ్రాన్సిస్ మేయాన్ ఫ్రాన్సులో దీన్ని పెంచాడు. 1939లో యుద్ధం మొదలయ్యే ముందు దీని కన్నుపుల్లలు దేశాలు దాటాయి. అందుకే జర్మనీలో ఒక పేరు, ఇటలీలో ఇంకో పేరు వచ్చాయి. అమెరికాలో 1945 ఏప్రిల్ 29న 'పీస్' అని పేరుపెట్టారు. పసుపు రేకులకు గులాబీ రంగు అంచు, చేతినిండా సరిపోయే పువ్వు. ఇంత పేరున్న ఈ మొక్కకు మోడు కోత మాత్రం గిట్టదు. బాగా కిందికి కోస్తే అలిగినట్టు చాలాకాలం చిగురే వేయదు. మూడోవంతు తగ్గించి వదిలేస్తే చాలు. 1954లో అమెరికాలో విడుదలైన 'క్వీన్ ఎలిజబెత్' కూడా అంతే. మనిషెత్తు పెరిగే స్వభావం దానిది. దాన్ని మోకాలి ఎత్తుకు కుదించాలని చూడటం వృథా, గోడ పక్కన నాటి నడుమెత్తున కోసుకోవాలి.

ఫ్లోరిబండా తరగతికి ఇంకో పద్ధతి. జర్మనీలో కోర్డెస్ కుటుంబం 1958లో తెచ్చిన తెల్లటి 'ఐస్‌బర్గ్' ఇప్పటికీ మన బాల్కనీల్లో, పార్కుల్లో కనిపిస్తుంది. గుత్తులుగా పూస్తుంది కాబట్టి ఒక్కో పువ్వు పెద్దదవ్వాలనే ఆశ పెట్టుకోనక్కర్లేదు. కొమ్మలు ఎక్కువ మిగిల్చి, పైపైన కోస్తే గుత్తుల సంఖ్య పెరుగుతుంది. చిట్టి గులాబీలకు ఎండుపుల్లలు, వాడిన పూలు తీసేస్తే చాలు.

తీగ గులాబీల దగ్గర ఈ కత్తెర చాలా ఇళ్ళలో బాధపడింది. "గోడెక్కి అల్లుకుపోయింది, పువ్వు మాత్రం లేదు, కొట్టేయండి" అంటారు. కొట్టేస్తే మళ్ళీ నిట్టనిలువు తీగలే వస్తాయి. కొమ్మ నిలువుగా ఉన్నంతకాలం కొన చిగురులో పుట్టే ఆక్సిన్ కిందికి దిగి, అడుగునున్న కన్నులను లేవనివ్వదు. ఆ తీగను మెల్లగా వంచి గ్రిల్లుకు అడ్డంగా కట్టేస్తే కొన పెత్తనం తగ్గుతుంది, వరసగా ప్రతి కన్నూ లేచి పక్క కొమ్మ వేస్తుంది. పూసేది ఆ పక్క కొమ్మలే. తీగ గులాబీకి ముందు కావలసింది నార తాడు, ఆ తర్వాతే కత్తెర.

పల్లెల్లో పెరటి గులాబీలు ఇంకో లోకం. నర్సరీల్లో ఎడ్వర్డ్ గులాబీ అనే వాసన మొక్క బోర్బన్ వంశానిది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, చైనా గులాబీ, డమాస్క్ గులాబీ పక్కపక్కన కంచెలుగా పెరిగిన చోట, రెండూ వాటంతటవే కలిసి 19వ శతాబ్దం మొదట్లో వెలుగులోకి వచ్చిన సంకరం అది. ఆ దీవి పాత పేరు బోర్బన్. దీన్ని కొమ్మ గుచ్చి పెంచుతారు, సొంత వేరు మీదే బతుకుతుంది. పిలక వచ్చినా అదీ ఎడ్వర్డే, పీకాల్సిన పని లేదు. మాలల్లోకి, పూజకు రోజూ కోసుకునేవాళ్ళకు హైబ్రిడ్ టీ కన్నా ఇదే మేలని పెద్దాయన నమ్మకం. నర్సరీకి వచ్చినవాళ్ళు మాత్రం పువ్వు పరిమాణం చూసి కొంటారు, వాసన చూసి కొనేవాళ్ళు తక్కువ.

హైదరాబాదులో పెద్ద కోత వానలు వెనకబట్టాక, అక్టోబరులో. అంతకు కొద్దిరోజుల ముందు నీళ్ళు తగ్గిస్తారు. కోత రోజున ముందు ఎండిన కొమ్మలు, తర్వాత లోపలికి పెరిగి ఒకదాన్నొకటి రాసుకునేవి, ఆ తర్వాత పుల్లల్లాంటి సన్నవి పోతాయి. మిగిలిన నాలుగైదు గట్టి కొమ్మల్లో ఒక్కోదాని మీద బయటి వైపు చూసే కన్నును వెతకాలి. కన్నంటే ఆకు రాలిన మచ్చకు కాస్త పైన ఎర్రగా ఉబ్బిన చుక్క. దానికి పావు అంగుళం పైన, నీరు కన్ను మీదికి కాకుండా వెనక్కి జారేలా ఏటవాలుగా కోయాలి. ఎక్కువ పైన కోస్తే మిగిలిన ముక్క ఎండి తెగులుకు దారిస్తుంది. మరీ దగ్గర కోస్తే కన్నే ఎండిపోతుంది. తెగిన చోట లోపలి బెండు తెల్లగా ఉంటే కొమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టు. గోధుమరంగు కనిపిస్తే ఇంకా కిందికి దిగాలి, తెలుపు తగిలేదాకా.

ఆ గోధుమరంగే మన దేశపు గులాబీకి పెద్ద శత్రువు, కొమ్మ చివరి నుంచి నల్లగా ఎండుకుంటూ కిందికి దిగే తెగులు. కోసిన గాయం నుంచే శిలీంధ్రం లోపలికి వెళ్తుంది. కోసిన వెంటనే ప్రతి కొమ్మ కొసకూ కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూస్తారు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్ళేముందు పెద్దాయన స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో ఈ కత్తెర రెక్కలు తుడుస్తాడు. ఒక ఇంట్లో తుడవకుండా వాడిన రోజుల్లో తెగులు మొక్క నుంచి మొక్కకు పాకిపోవడం ఇది కళ్ళారా చూసింది. సాయంత్రం జిగురు గీకి, ఒక చుక్క నూనె వేసి, ఏటవాలుగా ఉన్న వైపు మాత్రమే సానపెడతాడు. రెండు వైపులా సానపెడితే రెక్కల మధ్య సందు ఏర్పడి కత్తెర కోయకుండా నములుతుంది.

కోత తర్వాత పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి, కాస్త ఎముకల పొడి వేస్తారు. ఆరేడు వారాలకు, కార్తీకం దాటేసరికి మొదటి విడత పువ్వు. ఈలోపు ఆకులు తడపకుండా పొద్దున్నే మొదట్లో నీళ్ళు పోయాలి. నల్లమచ్చ తెగులు శిలీంధ్ర బీజాలు మొలకెత్తడానికి ఆకు మీద గంటల తరబడి తడి కావాలి, సాయంత్రం పైనుంచి పోసే నీళ్ళు వాటికి ఆ అవకాశం ఇస్తాయి. ఎండాకాలం ఎర్రనల్లి, మొగ్గ దశలో తామర పురుగులు, పాత కాండం మీద పొలుసు పురుగు. వీటిలో పొలుసు పురుగును మెత్తని బ్రష్షుతో రుద్ది పోగొట్టవచ్చు, ముందే కనిపిస్తే మందే అక్కర్లేదు.

ఇంత కాపలా అవసరమైన పువ్వును మన ఎండకు తగ్గట్టు మార్చాలని పట్టుబట్టినవాళ్ళు ఉన్నారు. గోధుమ శాస్త్రవేత్త బి.పి. పాల్, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన మనిషి, ఢిల్లీలో కొత్త గులాబీ రకాలు పుట్టించి, 1966లో 'ది రోజ్ ఇన్ ఇండియా' పుస్తకం తెచ్చాడు. చండీగఢ్‌లోని పెద్ద గులాబీ తోటకు పేరిచ్చిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పుట్టింది హైదరాబాదులోనే, ఆయనకూ గులాబీలంటే ప్రాణం. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా చేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఉద్యోగం మధ్యలోనే వదిలి, భార్య గిరిజతో కొడైకెనాల్‌లో స్థిరపడి, మన అడవి గులాబీల వైపు తిరిగాడు. మణిపూర్ కొండల్లో చెట్లెక్కే రోజా జైగాంటియా ఒకటి. వానాకాలంలో వేళ్ళు నీటిలో మునిగినా బతికే రోజా క్లినోఫిల్లా ఇంకొకటి. వెచ్చటి ప్రాంతాల్లో మందులు తక్కువతో బతికే మొక్క కావాలన్నది ఆయన లక్ష్యం. వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు ఒక గులాబీకి పెట్టాడు. ఇంకోదానికి 'గోల్డెన్ థ్రెషోల్డ్' అని పెట్టాడు, సరోజినీ నాయుడు తొలి కవితా సంపుటి పేరూ, హైదరాబాదులో ఆమె ఇంటి పేరూ అదే. ఈ పని ఇంతకాలం ఎంత తక్కువమందికి తెలిసిందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఇంగ్లండు చలికి పుట్టిన రకాలను మేనెల ఎండలో పెట్టి, ఎండిపోయాయని మొక్కలనే తిట్టుకుంటూ వచ్చాం.

కిందటేడు పెద్దాయన జైగాంటియా సంతతి తీగ ఒకటి తెప్పించి, ఒక ఇంటి తూర్పు గోడకు నాటాడు. రెండేళ్ళ దాకా ఎండుపుల్లకు తప్ప కత్తెర తగలకూడదని ఆ ఇంటావిడకు గట్టిగా చెప్పాడు. ఇప్పటికైతే కొత్త తీగలను వంచి నారతో కమ్మీలకు కట్టడమే పని. అవి గోడ పొడవునా పాకి, పక్క కొమ్మలు ఒక విడత పూసి రాలాక, వాటిని రెండు మూడు కన్నుల దాకా కుదించే పని ఈ కత్తెరకు వస్తుంది.