జుబైల్ తీరంలో ఒక చమురుకట్ట ఆత్మకథ

తన చరిత్రను తానే చెప్పుకొంటున్న ఈ వస్తువు సముద్రంపై తేలుతూ చమురు తెట్టును అడ్డుకొనే చమురుకట్ట. పైన గాలి తిత్తులు, వాటి నుంచి నీటిలోకి వేలాడే మందపాటి గుడ్డ, ఆ గుడ్డను నిలువుగా పట్టి ఉంచే ఇనుప గొలుసు, ఇంతే దాని దేహం; 1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధం నడుస్తుండగా, కువైట్ చమురు రేవు నుంచి ఇరాక్ సైన్యం లక్షల పీపాల ముడిచమురును సముద్రంలోకి వదలకపోయి ఉంటే, దానికి చెప్పుకోదగిన చరిత్రే ఉండేది కాదు.

షమాల్ అనే వాయవ్యపు గాలి, తీరం వెంట దక్షిణానికి సాగే ప్రవాహం కలిసి ఆ తెట్టును సౌదీ అరేబియా వైపు తోశాయి. అక్కడి జుబైల్ కేంద్రంలో సముద్రపు నీటిని కాచి, పీడనం అంతకంతకూ తగ్గే గదుల గుండా పంపి, ఎగసిన ఆవిరిని చల్లార్చి మంచినీరు చేసేవారు. బహుదశల స్వేదనం అనే ఈ పద్ధతిలో వచ్చిన నీరు 400 కిలోమీటర్లకు పైగా గొట్టాలలో ప్రయాణించి రియాద్ చేరేది, కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన కూలీల దప్పికనూ తీర్చేది. అందుకే కేంద్రం నీటిని తోడుకొనే ముఖద్వారం ఎదుట కట్టలను వరుసలుగా వేశారు.

అయితే కట్ట శక్తికి హద్దులున్నాయి. ప్రవాహం సెకనుకు సుమారు 35 సెంటీమీటర్ల వేగాన్ని మించి ఎదురుగా తాకితే చమురు గుడ్డ అంచు కిందుగా జారిపోతుంది. అంతకంటే ప్రమాదకరమైనది కంటికి కనిపించనిది: చమురులోని బెంజీన్, టోలుయీన్ వంటి తేలికపాటి పదార్థాలు కొంతమేర నీటిలో కరిగి కట్టను దాటిపోతాయి, పైగా ఉప్పులా అడుగున మిగలక, ఆవిరితో లేచి మంచినీటిలోకి చేరగలవు. తెట్టు ఆగింది కదా అని నీటి పరీక్షలను సడలించడం క్షమించరాని నిర్లక్ష్యం.

తెట్టులో అధిక భాగం జుబైల్‌కు ఉత్తరాన ఉన్న అబూ అలీ దీవి వద్దనే నిలిచిపోవడంతో కేంద్రం పని సాగింది. ఆ గెలుపును ఈ కట్ట తనదిగా చెప్పుకోదు. ఉన్న కట్టలను ముందుగా నీటి ముఖద్వారాలకే వాడవలసి రాగా, ఉత్తరాన ఉప్పు చిత్తడి నేలలు రక్షణ లేక చమురులో మునిగాయి, పీతల బొరియల గుండా లోతుకు దిగిన ఆ చమురు, గాలి తగలని మట్టిలో విచ్ఛిన్నం కాక, పదేళ్ళ తరువాత జరిపిన పరిశీలనల్లోనూ బయటపడింది.