మంచు చూడని మంచుగొడ్డలి

సియాటిల్‌కి తూర్పున తెలుగువాళ్ళు నాలుగిళ్ళున్న ఏ వీధిలోనైనా ప్లానేశ్వరరావు ఒకడు తగులుతాడు. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంటుంది. ఆ జాతి మొత్తానికీ కలిపి నేను పెట్టుకున్నది ఇది. సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఇంకా మిగిలుండగానే అతనికి కొండలు గుర్తొస్తాయి. బయట వాన, ఒళ్ళో లాప్‌టాప్. "బావా, ఈ ఏడు ఎన్‌చాంట్‌మెంట్స్ వదిలేది లేదు" అని ఫోను చేస్తాడు. పోయిన ఏడూ వదిలేది లేదనే అన్నాడు.

ఎన్‌చాంట్‌మెంట్స్ అంటే కాస్కేడ్ పర్వతాల్లో, లెవెన్‌వర్త్ ఊరికి పైన, గ్రానైట్ శిఖరాల మధ్య ఉన్న సరస్సుల గుంపు. ముందు కోల్‌చక్ సరస్సు వస్తుంది, 5,570 అడుగుల ఎత్తున. దాని నెత్తిన 8,840 అడుగుల డ్రాగన్‌టెయిల్ శిఖరం. ఆ పక్కనుంచి ఆస్‌గార్డ్ పాస్ ఎక్కాలి: మైలు కూడా లేని దారిలో సుమారు 2,200 అడుగులు, బండరాళ్ళ మీద, కూలిన కొండని పట్టుకుని పాకినట్టు. పైకి చేరితే ఇంక సరస్సు వెనక సరస్సు. అందులో ఒకదాని పేరు నిజంగానే పర్ఫెక్షన్ లేక్. అది మ్యాపులో కనపడ్డ రోజునే ప్లానేశ్వరరావు మనసు పారేసుకున్నాడు.

దీన్ని ట్రెక్కింగ్ అంటే అతనికి కోపం. మౌంటెనీరింగ్ అనాలి. ఎందుకంటే పైన లిటిల్ అన్నపూర్ణ అని 8,400 అడుగులు దాటిన శిఖరం ఒకటుంది. తాడూ గీడూ అక్కర్లేకుండా వేసవి చివర్లో నడిచి ఎక్కేయొచ్చు. హైదరాబాదులో ఉన్న తోడల్లుడికి మాత్రం "సెప్టెంబరులో అన్నపూర్ణ పెట్టుకున్నాం" అని చెప్తాడు. 'లిటిల్' అన్నచోట ప్రతిసారీ సిగ్నలు పోతుంది.

అతని ఎక్సెల్ షీటు చూడాలి మీరు. లార్చ్ చెట్ల ఆకులు బంగారు రంగుకి తిరిగేది సెప్టెంబరు చివరా, అక్టోబరు మొదటి వారమా అన్నదానికి ఒక ట్యాబు. సూర్యోదయానికి ఒకటి. తిండికి ఒకటి: నెయ్యి ఔన్సుకి 250 కాలరీలు ఇస్తుంది కాబట్టి, మోసే బరువుని బట్టి చూస్తే ఈ సృష్టిలో నెయ్యిని మించిన ఆహారం లేదని అందులో తేలింది. ఆవకాయ సీసాని వంటింటి త్రాసు మీద పెట్టి, బరువులో సగం గాజుదేనని కనిపెట్టి, జిప్‌లాక్ సంచిలోకి మార్చాడు. ఆ సంచి కారిన చోట ఇప్పటికీ కార్పెట్ ఎర్రగా ఉంటుంది. ఫిట్‌నెస్ ట్యాబులో "అలిపిరి, 3,550 మెట్లు, కాలినడక" అని ఉంది. ఎప్పుడో మాత్రం లేదు. అది ఇంటర్ పరీక్షల ముందు మొక్కుకున్న మొక్కు అని వాళ్ళావిడ నాకు చెప్పింది.

కొండమేకలకీ ఒక ట్యాబుంది. అక్కడి మేకలకి ఉప్పంటే యావ. మనిషి పోసిన మూత్రంలో ఉప్పుంటుంది కాబట్టి, అది పడ్డ మొక్కల్ని వేళ్ళతో సహా పీకి తింటాయి, పైగా మనిషి వెనకే తిరుగుతాయి. అందుకని దారికి దూరంగా రాతి మీదే కానివ్వాలని అటవీశాఖవాళ్ళు చెప్తారు. సలహా మంచిదే. కానీ ప్లానేశ్వరరావు దాన్ని జట్టులో ఎనిమిదిమందికీ వేళలవారీగా పట్టిక వేశాడు.

సామాను సంగతి వేరే చెప్పుకోవాలి. ఆర్‌ఈఐ దుకాణం గురించి అతన్ని కదిపితే స్థలపురాణం చెప్తాడు. ఆండర్సన్ దంపతులకి మంచి మంచుగొడ్డలి కావలసొచ్చి ఆస్ట్రియా నుంచి తెప్పించుకోవడం, దాని మీదట 1938లో తోటి పర్వతారోహకులతో సహకార సంఘం పెట్టడం, అదే ఇంత దుకాణం కావడం. ఎప్పుడో కొన్నది ఎప్పుడైనా వాపసు తీసుకునే ఆ దుకాణం 2013లో సభ్యులకి ఏడాదే గడువు పెట్టింది. అప్పట్నుంచీ అతని పర్వతారోహణకి కూడా ఒక ఋతుచక్రం ఏర్పడింది: మార్చిలో కొనడం, ఫిబ్రవరిలో వాపసివ్వడం. మంచుగొడ్డలి ఒక్కటే ఇవ్వలేదు. అది గరాజు గోడకి వేలాడుతూ ఉంటుంది. జారిపడితే గొడ్డలి మంచులో దింపి ఆగే విద్యని వీడియోలు చూసి, హాల్లో కార్పెట్ మీదే సాధన చేశాడు. ఆవకాయ మరక పక్కనున్న చిరుగు అదే. జులై దాకా ఆస్‌గార్డ్ పాస్ మీద మంచుంటుందనీ, దాని అడుగున నీళ్ళు పారి బోలు పడుతుందనీ, అక్కడ ప్రాణాలు పోయాయనీ అతను చెప్తున్నప్పుడు మాత్రం నేను నవ్వను. ఆ మాట వాస్తవం. అతని గొడ్డలికి తెలిసిన ప్రమాదమల్లా ఇంటి కప్పు మీద ఇరుక్కున్న షటిల్ కాక్.

ఇంక లాటరీ. పైన రాత్రి బస చెయ్యాలంటే మే 15 నుంచి అక్టోబరు 31 దాకా పర్మిట్ ఉండాలి. ఫిబ్రవరి 15 నుంచి మార్చి 1 లోపల ఆరు డాలర్లు కట్టి దరఖాస్తు పెట్టాలి. నూటికి తొంభైమందికి పైగా రాదు. ఇదీ ప్లానేశ్వరరావు ధైర్యం. ఫలితాలొచ్చిన రోజు వాట్సాప్ గ్రూపులో "బ్యాడ్ లక్ గైస్" అని పెట్టి, ఏడుపు మొహాల బొమ్మలు పెట్టి, ఆ సాయంత్రం ఉల్లిపాయ పకోడీలు వేయించుకుంటాడు. ఒక్కరోజులో వెళ్ళొచ్చేవాళ్ళకి లాటరీ లేదు కదా, తెల్లవారుజామున బయల్దేరి పద్దెనిమిది మైళ్ళూ నడిచి వచ్చేస్తున్నారు కదా అని ఒక కుర్రాడు అమాయకంగా అడిగాడు. "తమ్ముడూ, అది పరుగు పందెం" అన్నాడు. కుర్రాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

ఒక మార్చిలో పర్మిట్ వచ్చింది.

కోర్ జోన్, సెప్టెంబరు చివరి వారం, రెండు రాత్రులు, ఎనిమిదిమంది. అభినందనలు అని మొదలైన ఆ ఈమెయిలు ఎవరిదో పొరపాటున తనకొచ్చిందేమోనని రెండు రోజులు చూశాడు. తర్వాత కార్చిచ్చుల పొగ మీద ఆశ పెట్టుకున్నాడు. సెప్టెంబరులో ఆ కొండల్లో పొగ కమ్మడం మామూలే. గాలి నాణ్యత రోజుకి నాలుగుసార్లు చూసేవాడు. ఆ ఏడు ఆకాశం తేటగా ఉండి అతని కడుపు కొట్టింది. ఆఫీసులో రిలీజు అడ్డమొస్తుందనుకుంటే అది డిసెంబరుకి వెళ్ళింది. మోకాలు మిగిలింది. డాక్టరుగారు కాలు అటూ ఇటూ వంచి చూసి, "బ్రహ్మాండంగా ఉంది, కొండలెక్కండి" అన్నారు. డాక్టర్ని మార్చాడు.

పర్మిట్ ఇంకొకరి పేరుకి మారదు, నాయకుడే ఉండాలి. ఆ మాట అతనే పెద్ద బాధతో గ్రూపులో పెట్టాడు. కానీ దరఖాస్తులో గడి ఏదీ ఖాళీగా వదలని మనిషి కదా, ప్రత్యామ్నాయ నాయకుల చోట భార్య పేరు రాసి ఉంది. ఆవిడ ఆ షీటు ఏనాడూ తెరవలేదు. నలుగురు స్నేహితురాళ్ళని కూడగట్టి, పులిహోర పొట్లాలు కట్టి, గరాజులోంచి కర్రలు తీసుకుని వెళ్ళింది.

అతను ఇంట్లో బేస్‌క్యాంపు పెట్టాడు. నిజం చెప్పొద్దూ, ఆ మూడు రోజులూ ఉన్నంత హుషారుగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు. రెండు స్క్రీన్లు, ఒకదాని మీద మ్యాపు, ఒకదాని మీద వాతావరణం. వాళ్ళ దగ్గరున్న శాటిలైట్ యంత్రానికి సందేశాలు పంపేవాడు: "7,100 అడుగుల దగ్గరున్నారు. ఎడమ పక్కకి పోవద్దు. జీడిపప్పు తినండి." అటునుంచి జవాబు వచ్చింది: "ఏవండీ, ఫ్రిజ్‌లో పెరుగు పులిసిపోతుంది, మజ్జిగ చేసుకోండి."

దీపావళి పాట్‌లక్‌లో భోజనాలయ్యాక ఎన్‌చాంట్‌మెంట్స్ మీద అతని ప్రెజెంటేషను పెట్టారు. నలభై స్లైడ్లు. గొడ్డలి కూడా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. వెళ్ళొచ్చిన అయిదుగురాడవాళ్ళూ వెనక వరసలో గులాబ్‌జామ్ తింటూ కూర్చున్నారు. కొత్తగా డాలస్ నుంచి వచ్చినాయన చెయ్యెత్తి, "ఆస్‌గార్డ్ పాస్ ఎక్కడానికి మీకెంతసేపు పట్టిందండీ?" అని అడిగాడు.

"మాకు మూడున్నర గంటలు" అన్నాడు ప్లానేశ్వరరావు, తడుముకోకుండా.

"నాలుగుంబావు" అంది వెనకనుంచి ఆవిడ.

అతను ఫోను తీసి, షీటు తెరిచి, దిద్దుకున్నాడు.