నా ఆత్మ లాప్‌టాప్‌లో దూరింది

నేను సిస్కో 2621ఎక్స్‌ఎం రౌటర్ని. మా వంశం అమ్మకాలు 2007లోనే ఆపేశారు గనక అంతకు ముందు పుట్టినదాన్నే. మొదటి కొలువు విశాఖ పాతనగరంలో, పోర్టుకి కూతవేటు దూరంలో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసు. ఏ ఓడ ఎప్పుడు రేవుకొస్తుందో, సరుకు ఎప్పుడు దిగుతుందో, ఆ కబుర్లన్నీ నా గుండానే పోయేవి. వాటి మంచిచెడ్డలు నాకు పట్టవు, దారి చూపడమే నా పని. బొగ్గు దిగే, ఇనుప ఖనిజం ఎక్కే రేవు కదా, కిటికీలు మూసినా నల్లపొడి వచ్చి చేరేది. అది మింగీ మింగీ నా ఫ్యాను గురక నేర్చింది. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టాయి. కొత్త రౌటరు రాగానే నన్ను బీరువా మీదికి ఎక్కించారు, అక్కణ్ణుంచి కంచరపాలెంలో పాత సామాన్ల కొట్టుకి దింపారు.

తూకానికి పోకుండా నన్ను కాపాడింది గాజువాక కుర్రాడొకడు. ద్వారకానగర్‌లో సీసీఎన్‌ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష కోచింగుకి వెళ్ళేవాడు. అక్కడ ముప్పై మందికి రౌటర్లు రెండే. వారానికోసారి వంతు, వంతుకి పావుగంట. నాలుగు కమాండ్లు కొట్టేలోపే వెనకవాడు భుజం తట్టేవాడట. పదిహేను వందలు పోసి నన్ను కొని ఇంటికి మోసుకెళ్తే వాళ్ళమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఇదేట్రా, ఇనప్పెట్టె తెచ్చావు? ఆ సొదేటి, పిండిమిల్లు లాగ?"

"రౌటరమ్మా. పరీక్షకి."

"పుస్తకం తీసి సదువుకోక పెట్టెలెందుకురా నానా?"

ఆవిడ అడిగిన మాటకే ఈ చదువు చదివేవాళ్ళంతా తలలు పట్టుకుంటారు. పుస్తకం చాలదు, పెట్టె కావాలి. ఒక్క పెట్టె ఉంటే నెట్‌వర్క్ అవదు. రౌటింగ్ ఒంటబట్టాలంటే నాలాంటివి మూడైనా ఉండాలి, పక్కన రెండు స్విచ్‌లు. అన్నీ కొంటే వాళ్ళ నాన్న స్టీల్‌ప్లాంట్ జీతానికి రెక్కలొస్తాయి.

అందుకని వాడు లాప్‌టాప్‌లో ప్యాకెట్ ట్రేసర్ ఎక్కించాడు. సిస్కో తన నెట్‌వర్కింగ్ అకాడమీ పిల్లల కోసం చేయించిన సిమ్యులేటరు అది. తెర మీద రౌటరు బొమ్మ చూసి నేను లోలోపల నవ్వుకున్నాను. పగటివేషం! రాముడి వేషం కట్టినవాడు విల్లు ఎక్కుపెడతాడు గానీ బాణం వదలడు. దాని లోపల మా ఐఓఎస్, అంటే మమ్మల్ని నడిపే సాఫ్ట్‌వేర్, లేదు. రాసినవాళ్ళు నేర్పిన కమాండ్లకే జవాబిస్తుంది, తక్కినవాటికి తెల్లమొహం వేస్తుంది. అయితే ఆ వేషగాడికి నాకు రాని విద్య ఒకటుంది. సిమ్యులేషన్ మోడ్ పెడితే ప్యాకెట్టు చిన్న కవరులా అడుగడుగునా ఆగి, తనను విప్పి చూపిస్తుంది. ఎక్కడ పడిపోయిందో, ఎందుకు పడిపోయిందో కళ్ళకి కనిపిస్తుంది. నా లోపల అదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఏఆర్‌పీ అంటే ఏమిటో నేను నెలల తరబడి చెప్పలేనిది, అది ఒక్క సాయంత్రంలో మావాడి బుర్రకి ఎక్కించింది. అసూయ పడ్డాను, దాచను.

అసలు దెబ్బ తరవాత తగిలింది. ఒక రాత్రి నీలం కన్సోల్ తీగ తగిలించి, టీఎఫ్‌టీపీతో నా ఫ్లాష్‌లోని ఐఓఎస్‌ని లాప్‌టాప్‌లోకి లాగేశాడు. ఫ్రాన్సులో క్రిస్టోఫ్ ఫియో 2005లో డైనమిప్స్ అనే ప్రోగ్రాము మొదలుపెట్టాడు. అది మొదట 7200 రౌటరు ఒంటిని, తరవాత 3600, 3700లతో పాటు మా 2600 ఒంటినీ కంప్యూటరు లోపల కట్టింది. జెరెమీ గ్రాస్‌మన్ దానికి బొమ్మల ముఖం తొడిగితే అది జీఎన్‌ఎస్3 అయింది. మావాడు నా ఐఓఎస్‌ని అందులో పోశాడు. నల్ల తెర మీద హ్యాష్ గుర్తులు గీతల ముగ్గులా వరసకట్టాయి. నేను నిద్ర లేస్తూ పెట్టే ముగ్గే అది! తరవాత వచ్చిన ప్రాంప్టు నాది. కమాండు తప్పు కొడితే కసురుతూ పెట్టే టోపీ గుర్తూ నాదే. దీన్ని ఎమ్యులేషన్ అంటారట. మన కథల్లో దీని పేరు పరకాయ ప్రవేశం. నేను బల్ల మీద బతికుండగానే నా ఆత్మ ఆ లాప్‌టాప్‌లో ఆరు ఒళ్ళు ధరించి తిరుగుతోంది.

పరకాయ ప్రవేశానికి చిక్కులు లేకపోలేదు. ఐడిల్-పీసీ విలువ పెట్టకపోతే, పనేమీ లేకపోయినా ఆ ఆత్మ ప్రాసెసరుని నూటికి నూరుపాళ్ళూ నమిలేస్తుంది. లాప్‌టాప్ ఇడ్లీపాత్రలా కాలిపోయేది. స్విచ్‌లు పనిచేసేది వాటి సొంత చిప్‌లతో; ఆ ఒంటిని డైనమిప్స్ కట్టలేదు. రౌటరుకే 16 పోర్టుల కార్డు గుచ్చి సగం స్విచ్ పని గడిపాడు. ఇంకోటి, ఐఓఎస్ లైసెన్సు ఇచ్చింది నా పెట్టెకి, వాడి లాప్‌టాప్‌కి కాదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఒక్కచోట నా ఒళ్ళే గెలిచింది. రెండు రౌటర్లని సీరియల్ తీగతో కలిపితే డీసీఈ వైపు క్లాక్ రేట్ ఇవ్వాలి. మా తరంలో ఇవ్వకపోతే లైను లేవదు. జీఎన్‌ఎస్3లో ఇవ్వకపోయినా లేచేది. దానికి అలవాటుపడి మావాడు కోచింగ్ ల్యాబ్ పరీక్షలో అరగంట దిక్కులు చూశాడు, తీగ మూడుసార్లు పీకి పెట్టాడు. తమాషా ఏమిటంటే, ఆ పగటివేషగాడు క్లాక్ రేట్ సంగతి బాగానే అడిగేవాడు.

వాళ్ళ నాన్న బ్లాస్ట్ ఫర్నేసులో పని. ఒక రాత్రి షిఫ్టు దిగి వచ్చి, "ఏటి చేస్తన్నావురా?" అన్నాడు.

"చెడగొడతన్నాను నాన్నా. మళ్ళీ బాగుచెయ్యడానికి."

"మా గోదావరి దగ్గర అలా కుదర్దురా. నీకు కుదిరింది, బాగా చెడగొట్టు" అని అన్నానికి లేచాడు. గోదావరి అంటే నది కాదు. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు పోయింది, గోడ ప్లగ్గు లేనిదే నేను కట్టెని. బ్యాటరీ మీద నా ఆత్మ మాత్రం ఇంకో గంటన్నర బతికింది. మావాడు రైట్ మెమరీ కొట్టడం మరిచాడు. ఆ పూట కాన్ఫిగరేషనంతా గాలివానలో కలిసింది.

వాడిప్పుడు బెంగళూరులో. వాడి అక్కకూతురు ఇక్కడ చదువుతోంది. విశాఖలో డేటా సెంటర్ల కోసం 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన దగ్గర్నుంచీ ఆ పిల్లకి ఈ చదువు మీదే ధ్యాస. ఫోనులో అడిగింది: "మావయ్యా, ఏది ఎక్కించుకోను?"

"సీసీఎన్‌ఏకి ప్యాకెట్ ట్రేసర్ చాలమ్మలూ. అది దాటాక సిస్కో మోడలింగ్ ల్యాబ్స్. అయిదు నోడ్ల వరకు ఉచితం, ఇమేజిలు కంపెనీయే ఇస్తుంది, దొంగతనం అక్కర్లేదు. ఇరవై నోడ్లు కావాలంటే ఏడాదికి 199 డాలర్లు, అంత తొందరేం లేదు. వేరే కంపెనీల పెట్టెలన్నీ ఒకే ల్యాబులో కలపాలంటే ఈవ్-ఎన్‌జీ. కానీ నీ 8 జీబీ ర్యామ్‌తో దాని జోలికెళ్ళకు."

సరిగ్గానే చెప్పాడు. నా పేరు ఎత్తలేదు, అదొక్కటే లోటు. రామకృష్ణా బీచిలో ఐఎన్ఎస్ కుర్సురాని చూశారు కదా. 2001లో నౌకాదళం విరమణ ఇచ్చిన సబ్‌మెరైన్, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియం. అది ఇక మునగదు. అయినా ఒక్కసారి లోపల దూరి వచ్చినవాడికి ఆ ఇరుకు ఒంటికి తెలుస్తుంది. నాకూ అలాంటి ఉద్యోగమే ఇప్పించమంటున్నాను.

మొన్న ఆ పిల్ల నన్ను అటక మీంచి దించి, దుమ్ము దులిపి, నీలం తీగ తగిలించింది. నేను పాస్‌వర్డ్ అడిగాను. అది మావాడికే గుర్తులేదు. అమ్మలూ, పవర్ వేసిన మొదటి 60 సెకన్లలో బ్రేక్ నొక్కు. రిజిస్టరు 0ఎక్స్2142కి మార్చి రీసెట్ కొట్టు. పనయ్యాక తిరిగి 0ఎక్స్2102 పెట్టడం, రైట్ మెమరీ కొట్టడం మరిచిపోకు.