మూడో అంతస్తు గాలిగోపురం

మా అపార్ట్‌మెంట్లో మనుషులకు పేర్లుండవు, నంబర్లుంటాయి. "301 వాళ్లు స్కూటీ అడ్డం పెట్టారు", "404కి కొరియర్ వచ్చింది", "202 ఇంకా మెయింటెనెన్స్ కట్టలేదు" అని మాట్లాడుకుంటాం, జైల్లో ఖైదీల్లాగా. ఖైదీలే నయం, వాళ్లకు అప్పుడప్పుడూ ములాఖత్ అయినా ఉంటుంది. నిజాంపేటలో ఈ ఇంటికొచ్చి ఆరేళ్లయింది. నేను 503ని. ఆరేళ్లుగా ఇదే మనుషులతో లిఫ్టెక్కుతున్నాను, దిగుతున్నాను. లిఫ్టులో మనిషికి ఉండే పనులు రెండే. ఒకటి ఫోన్ చూసుకోవడం. సిగ్నల్ పోతే తలుపు మీద మారే అంకెలు చూడటం, అవేవో పదో తరగతి ఫలితాలైనట్టు.

ఉద్యోగం గచ్చిబౌలిలో. నా క్యాలెండర్లో ప్రతి అరగంటకూ ఒక రంగు డబ్బా. మధ్యాహ్నం భోజనానికి కూడా ఒక డబ్బా పెట్టుకున్నాను గానీ, సరిగ్గా దాని మీదే ఎవరో ఒకరు మీటింగు వేస్తారు. కిందటేడు మా ఆవిడ "మనిద్దరం తీరిగ్గా మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో" అంది. నాకొచ్చిన విద్య అదొక్కటే కాబట్టి ఆదివారం సాయంత్రం ఐదింటికి అరగంట ఇన్వైట్ పంపాను. "ఎజెండా రాయలేదు" అని తిప్పి కొట్టింది.

తెనాలిలో మా ఇంటికి వీధి వైపు రెండు అరుగులుండేవి. తాతయ్య భోంచేసి ఒకదాని మీద నడుం వాల్చేవాడు. పెరుగమ్మే ఆవిడా, పోస్ట్‌మనూ, దారిన పోయేవాళ్లూ రెండోదాని మీద చతికిలబడి, తమ కబురు చెప్పి, ఆయన కబురు విని పోయేవాళ్లు. సగం కబుర్లకు తాతయ్య నిద్రలోనే ఊకొట్టేవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక అరుగు పోయింది. రెండోదాన్ని కారు షెడ్డు కోసం మేమే కొట్టించాం.

ఏప్రిల్ మొదటి వారంలో మా లిఫ్టు ఆగిపోయింది. మోటారు కాలిందనీ, సామాను వేరే రాష్ట్రం నుంచి రావాలనీ చెప్పారు. రేపు, ఎల్లుండి అంటూ పదకొండు రోజులు సాగదీశారు. అంతస్తుకు ఇరవై చొప్పున మా ఇంటికి నూరు మెట్లు. అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు నవ్వుతూ ఎక్కి, దిగి వచ్చి పొంగలి గురించి మాట్లాడే జాతి మనది. అదే సొంతింటికి నూరు మెట్లనేసరికి నాకు గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించింది. అక్కడ పైన వెంకన్న ఉంటాడు, ఇక్కడ పైన ఈఎంఐ ఉంటుంది. తేడా అదేనేమో.

మొదటి రోజు అరవయ్యో మెట్టు మీద కూలబడ్డాను. అప్పటికే అక్కడ 202 కూలబడి ఉన్నాడు. 202కి మూడో అంతస్తులో ఏం పనంటారా? మంచినీళ్ల డబ్బా పైన ముసలావిడకు ఇచ్చి దిగుతూ ఆయాసపడుతున్నాడు. పార్కింగ్ గొడవప్పుడు తప్ప మేం ఎన్నడూ మాట్లాడుకున్నది లేదు. వేరే దారిలేక మాట్లాడుకున్నాం. తీరా చూస్తే ఆయన ఆఫీసు, మా ఆఫీసు ఒకే ఆవరణలో పక్కపక్క టవర్లు. ఆరేళ్లు ఒకే గేటులోంచి బయల్దేరి, ఒకే ట్రాఫిక్కులో, చెరొక కారులో ఒంటరిగా కూర్చుని, బహుశా ఒకరి మీద ఒకరం హారన్లు కొట్టుకుంటూ వెళ్లాం.

మూడో రోజుకు 301 వాళ్లు ఒక చెక్కబల్ల బయటికి లాగారు. నాలుగో రోజు ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. 302 ఆవిడది కరీంనగర్. ఆవిడ సర్వపిండి పళ్లెం పట్టుకొచ్చాక ఆ మలుపుకు గాలిగోపురమని పేరు స్థిరపడింది. నాలుగు నుంచి ఐదుకెళ్లే మెట్లు మోకాళ్ల పర్వతం.

301 ఆయన కార్మిక శాఖలో చేసి రిటైరయ్యారు. ముప్పయ్యేళ్లుగా వినేవాడు దొరకని విజ్ఞానం ఆయన దగ్గర పేరుకుపోయి ఉంది. "1948 ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 55. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వకుండా మళ్లీ పనిలో పెట్టకూడదని ఉండేది. ఇవాళ నువ్వు కుర్చీలోంచి ఎప్పుడు లేచావు?" అన్నారు.

"మాది ఫ్యాక్టరీ కాదండీ, సాఫ్ట్‌వేరు."

"మీ కొలువులకూ చట్టం ఉందయ్యా. చదివే తీరిక లేక మీకు తెలీదు."

"2025లో రోజుకు పది గంటల దాకా చేయించుకోవచ్చని తెలంగాణలో జీవో ఇచ్చారుగా?" అన్నాడు 202.

"వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైము కట్టాలని కూడా అందులోనే ఉంది. ఆ లైను దాకా ఏ మేనేజరూ చదవడు" అని, అక్కడితో ఆగకుండా ఆదివారం పుట్టుక దగ్గరికి వెళ్లారు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890లో వచ్చిందట ఆ సెలవు. "ఆయన అంత కష్టపడి తెచ్చింది నువ్వు లాప్‌టాప్‌కు నైవేద్యం పెట్టడానికా?" అని నా వైపు చూశారు. ముఖమైనా ఎరగని మనిషికి బాకీ పడ్డట్టనిపించింది.

404 కుర్రాడిది అమెరికా షిఫ్టు. మేం ఆయాసంతో ఎక్కుతుంటే పళ్లు తోముకున్న తాజా మొహంతో దిగుతూ, రాత్రి ఏడింటికి "గుడ్ మార్నింగ్" అనేవాడు. 302 ఆవిడ ఊరుకుంటుందా?

"రాత్రంత పని జేస్తె నీకు పిల్లనెవరిస్తరు బిడ్డా?"

"అమెరికా సంబంధం చూడండి ఆంటీ, టైములు కలుస్తాయి."

ఆవిడ నిజంగానే చూడటం మొదలుపెట్టింది.

ఆ పదకొండు రోజులూ నేను ఇల్లు చేరడం అరగంట ఆలస్యమే. చిత్రంగా మా ఆవిడ ఏమీ అనలేదు. నాలుగో రోజు నుంచి తనూ కిందికి దిగి గాలిగోపురం దగ్గరే ఎదురుపడేది. మేమిద్దరం ఎజెండా లేకుండా మాట్లాడుకున్నది అక్కడే, అదీ పదిమంది మధ్యలో.

పన్నెండో రోజు లిఫ్టు బాగైంది. దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, అందరం చప్పట్లు కొట్టాం, కాస్త నీరసంగా. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి లిఫ్టు లైటు వేసుకుని, తలుపులు తెరుచుకుని ఎదురు చూస్తోంది. వాచ్‌మన్ నా వంక చూశాడు. "డాక్టరు నడవమన్నాడు" అన్నాను, అతను అడక్కపోయినా.

అరవయ్యో మెట్టు దగ్గర 302 ఆవిడ గొంతు వినిపించింది. "ఏం సార్, మీకు గూడ డాక్టరే చెప్పిండా?"

బల్ల నిండా జనం. కూర్చోబోతుంటే జేబులో ఫోన్ మోగింది. అసోసియేషన్ గ్రూపులో సెక్రటరీ సందేశం: 'మెట్ల దారిలో బల్లలు, కుర్చీలు ఉంచరాదు. అగ్నిమాపక నిబంధనలకు విరుద్ధం. వెంటనే తొలగించవలెను.'

చదివి తలెత్తాను. ప్లాస్టిక్ కుర్చీలో సెక్రటరీ, ఒక చేతిలో ఫోన్, రెండో చేతిలో సర్వపిండి ముక్క.

"రేపట్నుంచి" అన్నాడాయన, నాకు చోటివ్వడానికి కుర్చీ కొంచెం పక్కకు జరుపుతూ.