కిన్నెరసాని ఒడ్డున మధ్యధరా

ఎండలకు పేరుమోసిన కొత్తగూడెం జిల్లాలో ఎండను కూడా దిగుమతి చేసుకునే రోజులొచ్చాయి. నమ్మకపోతే పాల్వంచలో కాస్త జీతం బాగున్న ఇంటి వంటగది అలమర తెరిచి చూడండి. నూనెలో మునిగిన ‘సన్‌డ్రైడ్ టమాటా’ సీసా కనిపిస్తుంది. ఇటలీలోనో టర్కీలోనో ఎండిన ముక్కలవి. మన డాబా మీద పాత చీర పరిచి ఆరబోస్తే గలగలలాడే టమాటా ఒరుగులకు ఏం రోగమొచ్చిందో మరి! ఆ సీసా దేనికంటే, ఆదివారం ఆ ఇంటి అయ్యగారు హమ్మస్ అనే శనగల ముద్ద చేస్తారు. ‘హోమ్‌మేడ్ హమ్మస్ విత్ ఫ్రెష్ మెడిటరేనియన్ టాపింగ్స్’ అని ముందురోజే వాట్సాప్ స్టేటస్‌లో చాటింపు పడుతుంది.

ఇందులో తాజాది ఏదో, ఇంటిది ఏదో కాస్త విచారిద్దాం. శనగలు డబ్బావి, ఎప్పుడు ఉడికాయో ఆ డబ్బాకే తెలియాలి. తహినీ సీసాది. ఆలివ్ కాయలు ఉప్పునీళ్లలో ఈదుకుంటూ సముద్రాలు దాటొచ్చాయి. పార్స్‌లీ ఎండి పొడై వచ్చింది. నిమ్మరసం కూడా సీసాదే, గేటు బయట బండివాడు నిమ్మకాయలని గొంతు చించుకుంటున్నా సరే. ఇక మిగిలింది మిక్సీ. సింగరేణి బొగ్గు కాల్చి, కిన్నెరసాని నీళ్లు తాగి కేటీపీఎస్ థర్మల్ కేంద్రం పుట్టించిన కరెంటుతో అది తిరుగుతుంది. వెరసి ఆ గిన్నెలో పాల్వంచ వాటా రెండు నిమిషాల మిక్సీ మోత. బ్లేడు కింద అంటుకుపోయిన ముద్దను వేలితో గీకి ఆ జారు కడిగేది ఎవరో స్టేటస్‌లో ఉండదు. అది అయ్యగారు మాత్రం కాదు.

హమ్మస్ మీద నాకేం పగలేదు. శనగలు, నువ్వులు, వెల్లుల్లి, నిమ్మరసం కలిస్తే చెడేదేముంది? మధ్యయుగపు అరబ్బు వంట పుస్తకాల్లోనే ఉడికిన శనగల ముద్దలు కనిపిస్తాయి. బీరూట్‌లో, డమాస్కస్‌లో అది పొద్దున్నే పనికి పోయేవాడు రొట్టెతో తుడుచుకుని తినే టిఫిను. దానికోసం పంతాలకు పోయినవాళ్లూ ఉన్నారు. హమ్మస్ మాదంటే మాదని లెబనాన్, ఇజ్రాయెల్ తగువుపడి, చివరికి 2010 మేలో లెబనాన్ వంటవాళ్లు 10,452 కిలోలు ఒక్క పళ్లెంలో కలిపి గిన్నిస్‌కెక్కారు. లెబనాన్ విస్తీర్ణం కూడా 10,452 చదరపు కిలోమీటర్లే. ముత్తాతల నాటి నుంచి తింటున్నవాళ్లు, పోనీ, కొట్టుకోనీ. మన అయ్యగారికి ఎక్కడి పౌరుషమండీ? గిన్నె మీద కాస్త కొత్తిమీర చల్లబోయిన అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపేస్తారు.

“అయ్యో అత్తయ్యా, అది వేస్తే మెడిటరేనియన్ పోతుంది.”

“పోతే పోనీ బాబూ, రుచన్నా వస్తది.”

అసలు సంగతేమిటంటే, హమ్మస్ తెలుగువాళ్లకు కొత్త కాదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు అరబ్బుల ఇళ్లలో ఏళ్ల తరబడి శనగలు నానబోసి, ఉడకబెట్టి, రుబ్బి పెట్టారు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ పోయినవాళ్లు కుబ్బూస్ రొట్టెతో అద్దుకు తిన్నారు. వాళ్లెవరూ సెలవుకొచ్చి బస్టాండులో దిగగానే ‘మాది మెడిటరేనియన్ జీవనశైలి’ అని చెప్పుకోలేదు. అలాంటి ఒక్క అమ్మను పిలిచి అడిగితే చాలు. రాత్రంతా నానాలి, చిటికెడు సోడా వేసి ఉడికించాలి, పొట్టు ఊడి, గింజ రెండు వేళ్ల మధ్య చితికిపోవాలి, వేడి మీదే రుబ్బుతూ కాసిని ఐసునీళ్లు పోస్తే ముద్ద తెల్లగా తేలికపడుతుంది. డబ్బా మూత తీయడమే వంటనుకునేవాడికి ఈ ఓపిక ఎక్కడిది?

పైగా గుండెకు మంచిదట! ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంతో ఈ మధ్యధరా భోజనానికి అంత పేరొచ్చింది. ఆయన చూసిన క్రీట్ దీవి రైతు ఆలివ్ నూనె ధారాళంగానే పోసుకున్నాడు, నిజమే. దాంతోపాటు కొండల్లో కోసుకొచ్చిన ఆకులు, పప్పులు తిన్నాడు, మాంసం అరుదుగా ముట్టాడు, పొద్దస్తమానం పొలంలో ఒళ్లు వంచాడు. 2010లో యునెస్కో ఆ భోజన సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ జాబితాకెక్కించింది. మంచిదే. పాల్వంచ దాటి ములకలపల్లి వైపు పోతే కోయగూడేల్లోనూ అడవి దుంపలు, చిగుళ్లు, ఇప్పపువ్వు తిని మైళ్లు నడిచే జనం ఉన్నారు. వాళ్ల తిండికి మనం తగిలించిన పేరు వెనకబాటు. అయ్యగారు క్రీట్ రైతు నూనె ఒక్కటి తెప్పించుకుని నడక అక్కడే వదిలేశారు. నాలుగు చెంచాల ఆలివ్ నూనె, పక్కన చిప్స్ ప్యాకెట్టు, ఆపైన ఏసీ గదిలో కునుకు.

శనగలు ప్రపంచంలోకెల్లా ఎక్కువ పండేది మన దేశంలోనే. ప్రకాశం జిల్లా రైతులు కాబూలీ శనగలు పండించి, ధర లేక కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకుని ఎదురుచూసిన ఏళ్లున్నాయి. సీసాలోని తహినీ ఏ బ్రహ్మపదార్థమో కాదు, దోరగా వేయించి మెత్తగా నూరిన నువ్వులు. కిరాణా కొట్టు నుంచి పావుకిలో తెచ్చి, చిటపటలాడగానే దించి నూరితే నూనె దానంతటదే ఊరుతుంది. పైన తాజాగా ఏదన్నా వేయాలంటే సంతలో లేత చింతచిగురుంది, పచ్చి ఉల్లిపాయలున్నాయి. కానీ సంతలో కొన్న సరుకు మీద పరదేశపు లేబులుండదు, ఫొటోకి అందం రాదు.

ఆదివారం రాత్రికి ఎలాగూ సగం గిన్నె మిగిలి ఫ్రిజ్‌లోకి పోతుంది. మంగళవారం అత్తగారు దాంట్లో ఇంత చింతపండు పులుసు, నాలుగు పచ్చిమిరపకాయలు నూరి కలిపి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టి వేడన్నంలో వడ్డిస్తుంది. అయ్యగారు రెండోసారి కూడా వేయించుకుని, వేళ్లు నాక్కుంటూ అడుగుతారు: “ఇదేం పచ్చడి అత్తయ్యా, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు?”