మూడున్నర గంటలు

దుబాయ్ నుంచి శంషాబాద్ వస్తున్నాను. కిటికీ పక్క సీట్లో నలభై ఏళ్ల మనిషి. జగిత్యాల దగ్గర పల్లెటూరట, తాపీ పని. అరచేతుల నిండా సిమెంటు తిన్న పగుళ్లు. చొక్కా జేబులో రబ్బరు బ్యాండు చుట్టిన రెండు పాస్‌పోర్టులు. పాతదీ కొత్తదీ కలిపి పెట్టుకోవడం మామూలే కదా అనుకున్నాను.

విమానం లేచాక ఎదురుగా తెర మీది మ్యాపు చూపించి అడిగాడు.

“ఎన్ని కిలోమీటర్లు ఉంటది సార్?”

“గాలిలో నేరుగా కొలిస్తే 2,550 దాకా.”

“పోయినప్పుడు నాలుగు గంటలు పట్టింది. ఇప్పుడు మూడున్నరకే దించుతమంటున్నరు. తొవ్వ అదే గద?”

ఎంత మంచి ప్రశ్న! దారి అదే, గాలి వేరు అన్నాను. 35 వేల అడుగుల ఎత్తున, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. దుబాయ్ వెళ్లేటప్పుడు అది ఎదురు కొడుతుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి నెడుతుంది. ఇంజన్లు ఒకేలా పనిచేసినా, నేల మీద లెక్క చూస్తే గంటకు వంద కిలోమీటర్ల దాకా తేడా పడుతుంది. చేతి గడియారం మాత్రం గంటన్నర ముందుకు తిప్పుకోవాలి.

“అంటే ఇంటికి పోయేటోన్ని గాలి గూడ జల్ది పో అంటదన్నట్టు,” అన్నాడు. “శంషాబాద్ నుంచి మా ఊరికి ఇంకో ఐదు గంటలు సార్. విమానం కన్న అదే ఎక్కువ. బండి చెప్పిన.”

కాసేపు ఊరుకుని మళ్లీ తనే అందుకున్నాడు. “దుబాయికి తమ్ముడు, నేను కలిసే పోయినం. వానికి మొదటిసారి. విమానం లేవంగనే భయపడి నా చెయ్యి పట్టుకున్నడు. దిగేదాక ఇడువలే.”

అరేబియా సముద్రం దాటుతుండగా మెల్లగా అడిగాడు.

“కింద సామాన్లు పెట్టే అర్రల చలి మస్తు ఉంటదా సార్?”

“బయట మైనస్ 50 దాకా ఉంటుంది కానీ ఆ అరలో గడ్డకట్టేంత ఉండదు. మన దగ్గర ఉన్నట్టే గాలి ఒత్తిడి కూడా ఉంటుంది. పాడయ్యే సరుకేమైనా తెస్తున్నావా అన్నా?”

తల అడ్డంగా ఊపి కిటికీ వైపు తిరిగాడు. దిగబోయే ముందు మరోసారి అడిగాడు. “నిజంగ చలి ఉండది గద సార్?”

“ఉండదు,” అన్నాను.

శంషాబాద్‌లో నా పెట్టె వచ్చింది. అతను బెల్టు వైపు చూడనే లేదు. కార్గో గేటు ఎటని అక్కడి ఉద్యోగిని అడుగుతూ, రబ్బరు బ్యాండు తీసి రెండో పాస్‌పోర్టు తెరిచాడు. ఫొటోలో అతని పోలికలే, వయసు మాత్రం పాతికకు మించదు. పేజీకి అడ్డంగా ‘క్యాన్సిల్డ్’ అని ముద్ర.

నేను చూడటం గమనించాడు.

“తమ్ముడు సార్. మన కిందనే వచ్చిండు. చలి ఉండదన్నరు గద.”